గూడెంలో "మీరు బాగున్నారా?" అని ఎలా అడగాలి? ఆదివాసీ సర్వే ప్రశ్నావళికి సలహాలు కావాలి

నల్లకుంట_నడక | జూన్ 7, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక చిన్న పరిశోధన సంస్థలో పని చేస్తున్నాను. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోని 40 ఆదివాసీ ఆవాసాల్లో జనం బాగోగుల మీద ఇంటింటి సర్వే చేయాలి. ప్రశ్నావళి బాధ్యత నాకు అప్పజెప్పారు. ఇంగ్లిష్‌లో ఒక నమూనా ఇచ్చి, తెలుగు చేసి ట్యాబ్‌లోకి ఎక్కించమన్నారు. ఫిబ్రవరిలో ఫీల్డు పని మొదలు, మార్చి 31 లోపు రిపోర్టు.

అందులో 112 ప్రశ్నలున్నాయి. టీవీ ఉందా, ఫ్రిజ్ ఉందా, బండి ఉందా, నెలకు ఖర్చెంత, అప్పెంత. అవన్నీ అయ్యాక చివర్లో ఒక నిచ్చెన బొమ్మ, సున్నా నుంచి పది దాకా మెట్లు. "మీ జీవితం ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది?" అని అడగాలి.

పోయిన వారం నల్లమల అడవిలో మన్ననూరు అవతల ఒక చెంచు పెంటలో (చెంచుల చిన్న ఆవాసాన్ని పెంట అంటారు) అడిగి చూశాం. ఒక పెద్దాయన ఆ కార్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. తలకిందులుగా తిప్పి కూడా చూశారు. ఆ తర్వాత అడిగారు, "పైన ఎవరు పట్టుకున్నరు?" అని.

నాకు అర్థం కాలేదు. పక్కనున్న కుర్రాడు విడమరిచి చెప్పాడు. తేనెకి వెళ్లినప్పుడు కొండ అంచు నుంచి తాడు మీద కిందికి దిగుతారు. తేనెపట్టు ఉండేది కింద. పైన తాడు పట్టుకున్న మనిషి మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది. పై మెట్టంటే ఎక్కువ, కింది మెట్టంటే తక్కువ అనే లెక్క ఆయనకు ఆ బొమ్మలో కనిపించనే లేదు. టైమ్ అయిపోతోందని నేను "5" అని నొక్కి వచ్చేశాను.

ఆ అంకె ఆయన చెప్పింది కాదు. అప్పటి నుంచి అది ముల్లులా గుచ్చుతోంది. ఈ పని తెలిసిన వాళ్లు దయచేసి చెప్పండి. ఏం అడగాలి, ఎలా అడగాలి, ఎవరు అడగాలి?

తార్నాక_తరాజు | జూన్ 7, రాత్రి 10:55

ముందు ఆ 5 కొట్టేయమ్మా. గడి ఖాళీగా వదిలెయ్. ఖాళీ గడి కూడా ఒక సమాచారమే. అబద్ధపు అంకె ఒకసారి సగటులో కలిసిపోతే ఇక ఎవరూ వెతికి తీయలేరు.

నేను పోషకాహార సర్వేల్లో ఊళ్లు తిరిగి రిటైరైన వాణ్ని. మా తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కింద 1972 నుంచి పర్యవేక్షణ విభాగం ఒకటి నడిచేది. గిరిజన ప్రాంతాల్లో ప్రత్యేకంగా సర్వేలు చేశారు: 1985-87లో, 1998-99లో, మళ్లీ 2007-08లో. తర్వాత 2015లో ఆ విభాగాన్నే మూసేశారు. పదేళ్లకోసారైనా అదే పద్ధతిలో అదే ప్రాంతాల్ని చూడగలగడం ఎంత విలువైన పనో, అది ఆగిపోయాక కానీ చాలామందికి తెలియలేదు.

తిండి లెక్క ఎలా తీసేవాళ్లమో చెప్తాను, మీకు పనికొస్తుంది. "నెలకు బియ్యం ఎంత?" అని అడిగేవాళ్లం కాదు. నిన్న పొద్దున నుంచి ఇవాళ పొద్దున దాకా ఏం వండారు, ఎవరెవరు ఎంత తిన్నారు అని అడిగేవాళ్లం. వరసగా సైజులున్న స్టీలు కప్పులు మా సంచీలో ఉండేవి. వండిన ఆవిడ ముందు కూర్చుని ఆ కప్పులు పరిచేవాళ్లం. చిన్నోడికి ఇంత, ఆయనకి ఇంత అని ఆవిడ చూపించేది. చివరికి "మరి నీకమ్మా?" అని అడిగితే చాలామంది అన్నిట్లోకి చిన్న కప్పు మీద వేలు పెట్టేవాళ్లు. కొందరు ఏ కప్పూ ముట్టుకునేవాళ్లు కాదు. ఆ వేలు ఎక్కడ ఆగిందో చూస్తే ఆ ఇంటి సంగతి సగం తెలిసేది.

ఇంకొకటి. "ఏం తిన్నారు?" అంటే అడవిలో దొరికినవి చెప్పరు. గడ్డలు, ఆకులు, పండ్లు, ఇప్పపువ్వు ఉడకబెట్టుకున్నది, ఇవి వాళ్ల దృష్టిలో "వంట" కిందికి రావు. "అడవి నుంచి ఏం తెచ్చుకున్నారు?" అని విడిగా అడిగితే గుర్తు చేసుకుని బోలెడు చెప్తారు. అడగకపోతే రెండు నష్టాలు. వాళ్లు తినేదాన్ని మనం తక్కువగా రాస్తాం. ఆ అడవి దూరమైనప్పుడు ఏం పోయిందో కూడా మన కాగితంలో కనబడదు.

ఫిబ్రవరి, మార్చి అంటున్నారు. అదీ తప్పే. దాని గురించి రేపు రాస్తాను, కళ్లు మండుతున్నాయి.

మార్లవాయి_మనవడు | జూన్ 8, ఉదయం 7:15

అక్కా, నేను గోండు కుర్రాణ్ని. జైనూర్ వైపు మాది. ఇక్కడ గచ్చిబౌలి హాస్టల్లో ఉండి చదువుతున్నా.

మా ఊళ్లకి సర్వే కొత్త కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీంను చంపాక, ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకుందామని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని మా మధ్యే ఉన్నాడు, మా భాష నేర్చుకున్నాడు. 1943లో మార్లవాయిలోనే గోండు పంతుళ్లకి శిక్షణ కేంద్రం పెట్టించారు, గోండిలో వాచకాలు తెచ్చారు, చాలామందికి భూమి పట్టాలు వచ్చాయి. ఆయన భార్య 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో పోయారు, తర్వాత ఆయన అస్థికల్ని కూడా ఆమె పక్కనే ఉంచారు. ఇప్పటికీ మావాళ్లు అక్కడికి వెళ్లి దండం పెడతారు. అడిగిన మనిషి మళ్లీ కనిపించాడు, అడిగినదానికి ఏదో ఒకటి జరిగింది. అందుకే ఆ గౌరవం.

దానికి పూర్తి విరుద్ధం నేను చూసింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా హైదరాబాద్ నుంచి ఒక టీమ్ వచ్చింది. నాలుగు రోజులు మా గూడెంలో తిరిగారు. మా అమ్మని రెండు గంటలు కూర్చోబెట్టి ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది పోయారు అని అడిగారు. మా చెల్లి పోయిన సంగతి చెప్తూ అమ్మ ఏడ్చింది. వాళ్లు రాసుకున్నారు. పదకొండేళ్లయింది. ఆ కాగితం ఏమైందో మాకెవరికీ తెలియదు. ఆ రోజు అమ్మ పత్తి ఏరే కూలీ కూడా పోయింది.

కాబట్టి నా మొదటి సలహా ప్రశ్నల గురించి కాదు. తిరిగి ఎప్పుడు వస్తారో, ఏం తెచ్చి చూపిస్తారో ముందే తేదీతో సహా చెప్పండి. చెప్పలేకపోతే వెళ్లకండి.

మెహదీపట్నం_మాస్టారు | జూన్ 8, ఉదయం 8:02

తమ్ముడూ, అమ్మ సంగతి చదివి మనసు బరువెక్కింది.

గణాంకాల_గంప | జూన్ 8, మధ్యాహ్నం 1:30

నాది శాంపిల్ డిజైన్ పని. సగటుల గురించి చెప్తాను. అసలు సమస్య అక్కడే పుడుతుంది.

మన రాష్ట్రంలో "ఎస్టీ" అన్న ఒక్క మాట కింద 30కి పైగా సమూహాలున్నాయి. 2024 నవంబర్‌లో మొదలైన ఇంటింటి కులసర్వేలో ఎస్టీలు 37 లక్షల పైచిలుకు, అంటే 10.45 శాతం అని తేలింది. వీళ్లలో లంబాడాలు లక్షల్లో ఉన్నారు, తోటిలు వేలల్లో. గుండుగుత్తగా "ఎస్టీల సగటు" తీస్తే పెద్ద సమూహం అంకే వస్తుంది. కొలాములు, చెంచులు, తోటిలు, కొండరెడ్లు, అంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నారని ప్రభుత్వమే గుర్తించిన నాలుగు తెగలూ ఆ అంకెలో కలిసిపోయి మాయమవుతారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 2019-21లో దేశం మొత్తం మీద ఎస్టీల్లో ఐదేళ్లలోపు పిల్లలు వందకు దాదాపు 41 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. గట్టి సర్వే, నేను గౌరవిస్తాను. కానీ తెలంగాణలో వాళ్లు వెళ్లిన ఇళ్లు 27 వేల పైన. మూడున్నర కోట్ల జనంలో తోటిలు ఐదు వేల లోపు. చేత్తోనే లెక్క వేసుకోండి, ఆ 27 వేల ఇళ్లలో వాళ్లవి సుమారు నాలుగు తగలాలి. పైగా ఊళ్లని గుత్తులుగా ఎంచుతారు కాబట్టి నాలుగు కూడా తగలకపోవచ్చు. అంటే అంత పెద్ద సర్వే చూసి "తోటి పిల్లలు ఎలా ఉన్నారు?" అంటే జవాబు లేదు. లేనట్టు కూడా ఎక్కడా కనిపించదు.

మీ 40 ఆవాసాల్ని లాటరీలా ఎంచకండి. చిన్న తెగలకి కావాలనే ఎక్కువ వాటా ఇవ్వండి, చెంచు పెంటల్లో అయితే ఎంచుకున్న చోట ఇల్లు వదలకుండా అన్నీ చేయండి. తర్వాత మొత్తం లెక్క తీసేటప్పుడు ఏ తెగ జనాభాకి తగ్గట్టు దానికి బరువు (వెయిట్) వేసి సరిచేసుకోవచ్చు. రిపోర్టులో ఏ తెగది ఆ తెగకే విడిగా పట్టిక.

మెహదీపట్నం_మాస్టారు | జూన్ 8, సాయంత్రం 6:10

గంప గారూ, ఒక మాట. నేను లంబాడా బిడ్డని, దేవరకొండ వైపు తండా మాది. "లక్షల్లో ఉన్నారు, అంకె పెంచేస్తారు" అంటే మేమంతా బాగున్నట్టు వినబడుతుంది. మా తండాలో ఆడపిల్ల పుడితే మొహం మాడ్చుకున్న ఇళ్లు చూశాను. ఏటా పూణే, ముంబై వలసపోయే కుటుంబాలున్నాయి. విడిగా లెక్కలు తీయమని నేనూ అంటున్నాను, మాకోసం కూడా. రోడ్డు పక్క తండా, గుట్ట మీది తండా ఒకటి కావు.

గణాంకాల_గంప | జూన్ 8, సాయంత్రం 6:45

మాస్టారూ, మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. నేను రాసిన తీరు సరిగా లేదు, క్షమించండి. సగటు పెద్ద సమూహం లోపల ఉన్న పేదల్ని కూడా మింగేస్తుంది. అదీ రాయాల్సింది.

వేదిక_నిర్వాహకులు | జూన్ 8, సాయంత్రం 7:00

ఎస్టీ జాబితాలో ఎవరుండాలి అన్న వాదన ఇక్కడ వద్దని మనవి. ఆ దిశగా వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. సర్వే గురించి సాగనివ్వండి, చాలా మంచి చర్చ ఇది.

తార్నాక_తరాజు | జూన్ 8, రాత్రి 9:20

నిన్న ఆపిన చోటి నుంచి. ఫిబ్రవరి, మార్చిలో సర్వే అంటే పంట ఇంటికొచ్చి, పత్తి అమ్మి, చేతిలో నాలుగు డబ్బులున్న కాలం. నాగోబా జాతర పుష్య అమావాస్యకి అయిపోయి ఉంటుంది, చుట్టాలు వచ్చిపోయి ఉంటారు. మార్చిలో ఇప్పపువ్వు రాలుతుంది. అప్పుడు అడిగితే ఊరు కళకళలాడుతూ కనిపిస్తుంది. అదే ఊరు ఆషాఢం నుంచి భాద్రపదం దాకా చూడాలి. పాత గింజలు అయిపోతాయి, కొత్త పంట చేతికి రాదు, వాగులు పొంగుతాయి, జ్వరాలు. అప్పుడు ఏ సర్వే జీపూ వెళ్లదు, ఎందుకంటే దారి ఉండదు. దారి లేనప్పుడు వాళ్లెలా ఉన్నారో మన దగ్గర లెక్క ఉండదు.

ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి మన సర్వేలు మార్చిలో జరుగుతాయి. ఆకలికి ఆ క్యాలెండర్‌తో సంబంధం లేదు. కనీసం సగం ఇళ్లకైనా రెండుసార్లు వెళ్లండి, వానల్లో ఒకసారి, పంట తర్వాత ఒకసారి. డబ్బు సరిపోదంటే 40 ఊళ్లని 20 చేయండి.

రాజేంద్రనగర్_రోడ్డు | జూన్ 9, ఉదయం 10:05

నేను పదిహేనేళ్లుగా ఫీల్డు సూపర్‌వైజర్‌ని. ఒక చేదు నిజం చెప్తా. ఫారానికి ఇంత అని డబ్బులిస్తే కాకిలెక్కలే వస్తాయి. 112 ప్రశ్నలంటే నిజాయితీగా గంటన్నర. రోజుకి ఆరు ఫారాలు తెమ్మంటారు. గుట్ట ఎక్కి దిగేసరికే మూడు గంటలు. పిల్లలేం చేస్తారు? చెట్టు కింద కూర్చుని నింపుతారు. వాళ్లని తిట్టి లాభం లేదు, అలా నింపేలా పెట్టింది మనం. రోజు కూలీ ఇవ్వండి, రోజుకి మూడిళ్లు చాలనండి.

ప్రశ్నలు 112 నుంచి 40కి తగ్గించండి. టీవీ, ఫ్రిజ్ లాంటివి మొన్నటి కులసర్వేలో అడిగారు, 2027 జనగణనలోనూ అడుగుతారు. ఇంకెక్కడా దొరకనివే మీరు అడగండి.

నల్లమల_ఏఎన్ఎం | జూన్ 9, రాత్రి 8:30

నేను సర్కారు ఆరోగ్య సబ్‌సెంటర్‌లో నర్సుగ (ఏఎన్ఎం) పని చేస్తా. మీరు వచ్చిపోయిన పెంట ఏదో నాకు అర్థమైంది, పేరు రాయలేదు కదా, మంచి పని చేసినరు.

మా దగ్గర కాగితం చూస్తే జనం ఎందుకు వెనక్కి పోతరో చెప్త. పెద్దపులుల రిజర్వు లోపల ఉన్న పెంటలు ఇవి. ఎవరన్నా వచ్చి ఇల్లెన్ని, మనుషులెంతమంది అని రాసుకుంటే "మమ్ములను కిందికి దించనీకి వచ్చిన్రు" అనుకుంటరు. వేలిముద్ర అంటే ఇంకా భయం. వేలిముద్ర వేస్తే ఏదో ఒకటి పోతదని పెద్దోళ్లు చెప్తరు, ఊరికే అనరు. మీరు ఇంగ్లిష్‌లో రెండు పేజీల సమ్మతి పత్రం చదివి వేలు పెట్టమంటే వేలు పెడతరు, కాదనలేక. అది ఒప్పుకోవడం కాదు.

ముందు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పండి. ఎవరు పంపిన్రు, ఎవరికి ఇస్తరు, దీనివల్ల ఇల్లు వస్తదా రాదా (రాదని గట్టిగ చెప్పండి, లేకపోతే ఇల్లొస్తదని ఆశ పడతరు). రెండు రోజులు ఆలోచించుకోనివ్వండి. పోయినోళ్లు మళ్లొచ్చి అడగండి. వద్దంటే వద్దు. నోటిమాట చాలు, అది రికార్డు చేసుకోండి.

ఇంకొకటి. పేరు రాయకపోతే ఎవరో తెలియదనుకుంటరు మీరు. ఇరవై ఇళ్ల పెంటల "ఆడమనిషి, 40 ఏండ్లు, భర్త లేడు, టీబీ మందులు వాడుతున్నది" అని రాస్తే ఇగ పేరెందుకు? ఊరంతటికీ తెలుస్తది. నేను ఒకామెను ఆరునెలలు బతిమాలి మందులు మింగించిన. ఆ సంగతి ఎవరి పుస్తకంలనన్న అట్ల కనిపిస్తే ఆమె మళ్లీ నా మొహం చూడదు.

నల్లకుంట_నడక | జూన్ 9, రాత్రి 11:10

అక్కా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. మేం తీసుకెళ్లింది అచ్చం అలాంటి రెండు పేజీల పత్రమే.

వేరే దేశాల్లో ఆదివాసీల బాగోగుల్ని ఎలా కొలుస్తున్నారో ఎవరికైనా తెలుసా? మా సార్‌ని ఒప్పించాలంటే నమూనా ఏదో ఒకటి చూపించాలి.

గణాంకాల_గంప | జూన్ 10, ఉదయం 6:50

న్యూజిలాండ్‌లో మావోరీల కోసం "తే కుపెంగ" అని 2013లో ఒకసారి, 2018లో ఒకసారి ప్రభుత్వ గణాంక సంస్థ సర్వే చేసింది. జనగణన అయిన వెంటనే, అందులో మావోరీలమని రాసినవాళ్ల నుంచి శాంపిల్ తీశారు. అందువల్ల శాంపిల్ కరువు రాలేదు. మీకు నచ్చేది ప్రశ్నల తీరు. "మీరెలా ఉన్నారు?" అని అడిగి ఊరుకోలేదు. "మీ ఫానౌ ఎలా ఉంది?" అని కూడా అడిగారు. ఫానౌ అంటే మన "బలగం" లాంటి మాట. ఆ బలగంలో ఎవరెవరిని లెక్కేసుకుంటారో కూడా మనిషినే చెప్పమన్నారు. భాష ఇంట్లో ఎంత మాట్లాడతారు, తమ పూర్వీకుల సభాస్థలానికి వెళ్లారా, కష్టమొస్తే ఆదుకునేవాళ్లు దొరుకుతారా అని అడిగారు.

ఆస్ట్రేలియాలో ఇంకా ముందే మొదలైంది. జైళ్లలో, పోలీసు కస్టడీలో ఆదివాసీల మరణాల మీద వేసిన రాయల్ కమిషన్ 1991లో నివేదిక ఇస్తూ, వీళ్ల జీవితాల గురించి సరైన లెక్కలే లేవని ఎత్తిచూపింది. 1994లో మొదటి జాతీయ సర్వే జరిగింది, ఆ తర్వాత 2002, 2008, 2014-15లో. మారుమూల చోట్ల స్థానిక ఆదివాసీల్నే వెంట తీసుకెళ్లారు.

కెనడాలో 1998 నుంచి ఒక సూత్రం చెప్తున్నారు: మా సమాచారం మీద యాజమాన్యం మాది, అదుపు మాది, చూసే హక్కు మాది, దాచుకునే చోటూ మాదే. ఇక్కడ మనం కనీసం ఒక ప్రతి గ్రామసభకి ఇవ్వగలం కదా.

మార్లవాయి_మనవడు | జూన్ 10, ఉదయం 9:25

అన్నా, మావోరీలది చదివి సంతోషమేసింది. అయితే నమూనా కోసం అంత దూరం పోనక్కర్లేదు. జల్, జంగల్, జమీన్ అని భీం అన్నాడు. సూచికల పట్టిక అక్కడే ఉంది. ఎండాకాలం నీళ్లకి ఎంతదూరం నడుస్తున్నారు? అడవిలోకి పోతే ఎవరైనా ఆపారా, కట్టెలు గుంజుకున్నారా? 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టారా, పట్టా వచ్చిందా, వస్తే దున్నుతున్న భూమి అంతటికీ వచ్చిందా? దండారీకి (ఊరూరా తిరిగి ఆడే మా ఆటపాటల పండుగ) ఈసారి బృందం వేరే ఊరికి వెళ్లిందా, మీ ఊరికి ఎవరైనా వచ్చారా? దీపావళి ముందు దండారీ ఆడలేదంటే ఆ ఊళ్లో ఏదో జరిగిందని అర్థం. చావో, కరువో, తగాదానో. ఈ ఒక్క ప్రశ్న మీ నిచ్చెన కంటే ఎక్కువ చెప్తుంది.

భాష సంగతి. ట్యాబ్‌లో తెలుగు పెడితే గోండు మగవాళ్లు సర్దుకుంటారు. ముసలమ్మలు కష్టం. కొలాం గూడేల్లో కొలామీ రాని మనిషి వెళ్తే ఊరి పెద్ద పటేల్ ఒక్కడే జవాబు చెప్తాడు, ఊరందరి తరఫునా. మీరు దాన్ని ముప్పై ఇళ్ల జవాబుగా రాసుకుంటారు. ఆ ఊళ్లోనే ఇంటర్ చదివిన పిల్లలున్నారు, వాళ్లని పెట్టుకోండి, ప్రశ్నలు వాళ్లతోనే వాళ్ల భాషలోకి చెప్పించండి. ఇంకొకరితో మళ్లీ తెలుగులోకి చెప్పించి చూడండి. ఎక్కడ మాట జారిందో వెంటనే తెలిసిపోతుంది.

రాజేంద్రనగర్_రోడ్డు | జూన్ 10, ఉదయం 11:40

ఊరివాళ్లనే పెట్టడంలో ఒక ఇబ్బంది ఉంది తమ్ముడూ. పక్కింటి కుర్రాడి ముందు అప్పు, తాగుడు, ఇంట్లో దెబ్బలు, ఇవి చెప్పరు. పక్క మండలం పిల్లల్ని తెచ్చుకుంటే భాషా కలుస్తుంది, గుట్టూ దక్కుతుంది. ఆడవాళ్ల ప్రశ్నలకి ఆడపిల్లలే వెళ్లాలి.

మార్లవాయి_మనవడు | జూన్ 10, మధ్యాహ్నం 12:05

అవును, ఇది నాకు తట్టలేదు. జైనూర్ పిల్లలు తిర్యాణి వెళ్లాలి, తిర్యాణి వాళ్లు జైనూర్ రావాలి. నేను కొంతమందిని మాట్లాడి పెడతాను.

నల్లకుంట_నడక | జూన్ 29, రాత్రి 10:20

ఇన్నాళ్లూ రాయలేకపోయాను. రెండు సంగతులు.

మాసాబ్ ట్యాంక్‌లోని గిరిజన పరిశోధన సంస్థ మ్యూజియానికి వెళ్లి, ఆ తర్వాత మా సార్‌తో మూడుసార్లు మాట్లాడాను. 20 ఆవాసాలు, 38 ప్రశ్నలు, రెండు విడతలు, రోజు కూలీ ఒప్పుకున్నారు. మొదటి విడత ఆగస్టులో. తిరిగి వెళ్లి ఫలితాలు చెప్పడానికి డబ్బు బడ్జెట్‌లోనే విడిగా రాయించాను. తెగల వారీ పట్టికలూ ఒప్పుకున్నారు, కానీ పది మంది కంటే తక్కువ ఉన్న గడిలో అంకె వేయం. ఏఎన్ఎం అక్క చెప్పిన టీబీ ఆవిడ మాట చెప్పాకే ఆ షరతు పెట్టారు.

రెండోది. మళ్లీ అదే పెంటకి వెళ్లాను, ట్యాబ్ లేకుండా. ఏఎన్ఎం అక్క తోడు వచ్చారు. ముందు ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి, "తాతా, మీరు చెప్పని అంకె నేను రాసుకున్నాను, కొట్టేశాను" అని చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పారు. తేనెకి పోయినప్పుడు తాడు పట్టేది బావమరిదట. తన అక్కచెల్లెలు ముండమోయాలని ఏ మనిషీ కోరుకోడు కాబట్టి ఆ తాడు ఆయన చేతిలోనే పెడతారట. ఈయన బావమరిది రెండేళ్ల కిందట జ్వరంతో పోయారు. అప్పటినుంచి ఈయన తేనెకి పోలేదు. "పట్టుకునేటోడు పోయిండు బిడ్డా" అన్నారు. మొన్న ఆయన నన్ను అడిగింది బొమ్మ గురించి కాదు.

ఇప్పుడు మా ప్రశ్నావళిలో ఒకటో నంబరు అదే. "తాడు పట్టుకునే మనిషి మీకున్నారా?" చెంచు పెంటల్లో ఇలాగే అడుగుతాం. గోండు గూడేల్లో దీనికి సాటి మాట ఏమిటో మనవడు తమ్ముడు అక్కడి పెద్దల్ని అడుగుతున్నాడు.

తర్వాత చెట్టు కింద అందరూ కూర్చున్నారు. "బాగున్న ఇల్లంటే ఎట్లుంటది?" అని అడిగి వాళ్లు చెప్పినవన్నీ నేల మీద బొమ్మలుగా గీశాం. ఒక్కొక్కరికి పది చింతగింజలు ఇచ్చి, ఏది ముఖ్యమో దాని మీద పెట్టమన్నాం. మగవాళ్ల గింజలు తేనె మీద, అడవిలోకి అడ్డు లేకుండా పోవడం మీద పడ్డాయి. ఆడవాళ్లవి నీళ్ల మీద, వానాకాలం రోగమొస్తే రోడ్డు దాకా మోసే మనుషుల మీద, హాస్టల్ పిల్లలు సెలవుకి ఇంటికి రావడం మీద పడ్డాయి. డబ్బు బొమ్మ మీద కూడా పడ్డాయి కానీ నేననుకున్నన్ని కాదు. ఆడవాళ్లకి వేరే వలయం గీయకపోయుంటే ఆ తేడా కనబడేదే కాదు.

ఒక అవ్వ తొమ్మిది గింజలు పెట్టింది. పదోది గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. "ఇది కూడా పెట్టవ్వా" అంటే తల అడ్డంగా ఊపింది. "ఇది నాది. మీ లెక్కల వేయకుండ్రి" అంది. వెళ్లేటప్పుడు చూశాను, ఆ గింజ కొంగుకి ముడి వేసుకుంది. మా ఫారంలో ప్రతి ప్రశ్న కిందా "చెప్పదలచుకోలేదు" అన్న గడి పెట్టాం. ఆ గడి నొక్కితే ట్యాబ్ మళ్లీ అడగదు.

తార్నాక_తరాజు | జూన్ 29, రాత్రి 11:02

మా కప్పుల సెట్టు ఒకటి ఇంకా నా దగ్గర ఉంది. వచ్చి తీసుకెళ్లమ్మా. వాడే పద్ధతి పిల్లలకి నేనే చూపిస్తాను, ఒక పూట చాలు.

మెహదీపట్నం_మాస్టారు | జూన్ 30, ఉదయం 6:30

శిక్షణకి హాలు కావాలంటే మా స్కూల్లో ఆదివారం గది ఇప్పిస్తాను. రెండో దశలో తండాలు కూడా చేరితే ప్రశ్నలు మా గోర్ బోలిలోకి నేను చెప్తాను.

నల్లమల_ఏఎన్ఎం | జూన్ 30, ఉదయం 7:45

అవ్వ నిన్న సెంటర్‌కి వచ్చింది, బీపీ చూపించుకోనీకి. "ఆ పిల్ల మళ్లొస్తదా?" అని అడిగింది. ఆగస్టుల వస్తదని చెప్పిన. తేదీ పక్కా అయితే నాకు ముందే చెప్పండి. అంగడి రోజు వద్దు, మనుషులుండరు. వాగు పొంగితే జీపు అవతలే ఆగుతది, రెండు గంటలు నడక, చెప్పులు గట్టివి వేసుకోండి. మీరు తెచ్చే కాగితం పెద్ద అక్షరాలతోని ఒకటే పేజీ ఉండాలె. ఒక ప్రతి తాతకు ఇయ్యాలె, ఆయన అడిగిండు.